ఎంబెడెడ్ బోర్డులలో శాశ్వత మ్యాక్ చిరునామా

మ్యాక్ చిరునామా అనగా కంప్యూటరు నెట్‌వర్కులో పాల్గొనే పరికరమును గుర్తించుటకు ఇవ్వబడే 48 బిట్ల సంఖ్య. మీడియా యాక్సెస్ కంట్రోల్ అను ఆంగ్ల పదముల మొదటి అక్షరముల నుండి ఈ పేరు వచ్చినది. దీనిని హార్డ్‌వేరు చిరునామా, భౌతిక చిరునామా అని కూడా వ్యవహరిస్తారు. వ్యక్తిగత కంప్యూటరులో ఇది నెట్‌వర్కు కార్డుతో పాటే వస్తుంది కనుక కొన్నవారు దాని గురించి ఆలోచించవలసిన అవసరము రాదు. ఎంబెడెడ్ బోర్డుల సంగతి వేరు. రౌటరు, ఫైబరు పెట్టె, సెట్‌టాప్ బాక్సు, చెరువు గట్టున ఏరేటరును నడిపే కంట్రోలరు వంటి వాటిలో వాడే అనేక ఈథర్నెట్ చిప్పులకు స్వంత చిరునామా ఉండదు. బోర్డు తయారుచేసినవారు గాని, దానిలో సాఫ్ట్‌వేరు ఎక్కించినవారు గాని ఆ సంఖ్యను ఒక చోట వ్రాయవలెను. వ్రాసిన చోటు ఏది అనే దానిని బట్టి ఆ చిరునామా నిజముగా శాశ్వతమైనదా, పేరుకు మాత్రమే శాశ్వతమా అన్నది తేలుతుంది.

గోదావరి డెల్టాలో 2016 తరువాత పల్లెటూరి ఇళ్ళకు ఫైబరు తీగ ద్వారా ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను కలిసి రావడముతో ఈ విషయము ప్రయోగశాలలను దాటి ఇళ్ళలోకి, మరమ్మతు దుకాణములలోకి వచ్చినది.

నిర్మాణము

ఈ చిరునామాను ఆరు జంటలుగా, షోడశాంశ పద్ధతిలో వ్రాస్తారు. ఉదాహరణకు 02:00:00:12:34:56. ఒక్కొక్క జంట ఒక బైటు. మొదటి మూడు బైట్లు సాధారణముగా తయారీదారును, చివరి మూడు బైట్లు ఆ తయారీదారు చేసిన ఒక్కొక్క పరికరమును సూచిస్తాయి. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు, స్వంత పేరు తరువాత వచ్చినట్లే ఇక్కడ కూడా తయారీదారు భాగమే ముందు వస్తుంది. ఇంటిపేరు ఒకటే అయినా స్వంత పేర్లు వేరుగా ఉండవలెను. ఈ రెండవ నియమమును పాటించే బాధ్యత పూర్తిగా తయారీదారుదే. ఏ అంతర్జాతీయ సంస్థా ఒక్కొక్క బోర్డును తనిఖీ చేయదు.

ఐపీ చిరునామాకు, దీనికి గల తేడాను గమనించవలెను. ఐపీ చిరునామా ఇంటి డోరు నంబరు వంటిది, ఇల్లు మారితే మారుతుంది. మ్యాక్ చిరునామా మనిషితో పాటు వెళ్ళే పేరు వంటిది. పరికరమును అమలాపురము నుండి భీమవరమునకు తీసుకొని వెళ్ళినా అది మారరాదు.

మొదటి బైటులోని రెండు బిట్లకు ప్రత్యేకార్థము కలదు. చిట్టచివరి బిట్టు 1 అయితే అది ఒక పరికరమునకు కాక ఒక గుంపుకు చెందిన చిరునామా. అందువలన మొదటి బైటు బేసి సంఖ్యగా ఉన్న చిరునామాను బోర్డుకు ఇచ్చినట్లయితే లినక్సు దానిని తిరస్కరిస్తుంది. దాని పక్క బిట్టు 1 అయితే ఆ చిరునామా స్థానికముగా ఇచ్చుకున్నది, ప్రపంచమంతటా నమోదైనది కాదు. గుర్తుపట్టుట సులభము: ఒక పరికరపు చిరునామాలో రెండవ అంకె 2, 6, ఏ, ఇ లలో ఒకటైతే అది స్థానిక చిరునామా.

చరిత్ర

ఈథర్నెట్టు 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రములో రాబర్ట్ మెట్‌కాఫ్ రూపకల్పనతో మొదలైనది. ఆ ప్రయోగాత్మక ఈథర్నెట్టులో చిరునామా 8 బిట్లు మాత్రమే. ఒక తీగపై 255 యంత్రములకు మించి ఎవరూ ఊహించలేదు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి ప్రకటించిన ప్రమాణములో ఇది 48 బిట్లకు పెరిగినది. ఈ నిర్ణయమును వివరించిన 1981 నాటి పత్రమును యోగెన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్ వ్రాసినారు. దలాల్ బొంబాయి ఐఐటీ పట్టభద్రుడు. తీగ మారినా, ఊరు మారినా యంత్రపు సంఖ్య మారకూడదు అనే ఆలోచన ఈ పత్రములో కనిపిస్తుంది.

48 బిట్లతో సుమారు 281 లక్షల కోట్ల సంఖ్యలు ఏర్పడతాయి. మొదట జిరాక్స్ స్వయముగా వీటిని పంచేది. తరువాత ఆ పని ఐఈఈఈ సంస్థకు వచ్చినది. ఈ సంస్థ మూడు పరిమాణములలో సంఖ్యల దిమ్మెలను అమ్ముతుంది. పెద్ద దిమ్మెలో 1,67,77,216, మధ్య దిమ్మెలో 10,48,576, చిన్న దిమ్మెలో 4,096 చిరునామాలు ఉంటాయి. కొద్ది బోర్డులు మాత్రమే చేసే చిన్న సంస్థకు చిన్న దిమ్మె సరిపోతుంది. ఆ మాత్రము కూడా కొనలేనివారు ముందుగానే చిరునామా వ్రాసి అమ్మే చిన్న మెమరీ చిప్పును బోర్డుపై పెట్టుకొనవచ్చును.

చిరునామా ఎక్కడ ఉంటుంది

అన్నిటికన్నా గట్టి చోటు చిప్పులోని ఫ్యూజులు. ఇవి ఒకసారి మాత్రమే వ్రాయదగిన బిట్లు. 0 ను 1 గా మార్చవచ్చును గాని 1 ని మరల 0 గా మార్చుట సాధ్యము కాదు. ఎన్‌ఎక్స్‌పీ సంస్థ ఐ.ఎంఎక్స్6 చిప్పులలో ఇందుకు నాలుగవ ఫ్యూజు బ్యాంకులో 2, 3 స్థానములను కేటాయించినారు. ఈ పద్ధతిలో పొరపాటునకు తావు తక్కువ, క్షమ అంతకన్నా తక్కువ. 6 వ్రాయవలసిన చోట 4 వ్రాసినట్లయితే మిగిలిన ఒక బిట్టును కాల్చి సరిచేయవచ్చును. 4 వ్రాయవలసిన చోట 6 వ్రాసినచో ఆ బోర్డు ఆ సంఖ్యతోనే జీవించవలెను. బీగల్‌బోన్ బోర్డులలోని ఏఎం335ఎక్స్ చిప్పుకు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కర్మాగారములోనే చిరునామాను కాల్చి పంపుతుంది కనుక కొనుగోలుదారునికి ఈ చిక్కు లేదు. ఈఎస్‌పీ32 చిప్పులో కూడా ఒక మూల చిరునామాను కర్మాగారములోనే వ్రాస్తారు. దానికి 1, 2, 3 చొప్పున కలిపి వైఫై యాక్సెస్ పాయింటు, బ్లూటూత్, ఈథర్నెట్టు చిరునామాలను చిప్పు తానే తయారుచేసుకుంటుంది.

2012లో విడుదలైన రాస్ప్‌బెర్రీ పై మరొక మార్గమును ఎంచుకున్నది. తొలి తరముల బోర్డులలో చిరునామాను విడిగా వ్రాయలేదు. బోర్డు క్రమసంఖ్యలోని చివరి మూడు బైట్లకు బి8:27:ఇబి అనే తయారీదారు భాగమును ముందు చేర్చి చిరునామాగా వాడినారు. అందువలన మెమరీ కార్డును ఎన్నిసార్లు చెరిపినా చిరునామా పోదు. అదే కార్డును మరొక బోర్డులో పెడితే ఆ బోర్డు చిరునామా వస్తుంది. కొత్తవారు తరచుగా దీనికి ఆశ్చర్యపోతుంటారు గాని నిజానికి ఇదే సరియైన ప్రవర్తన.

రెండవ చోటు ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్పు. మైక్రోచిప్ సంస్థ 24ఏఏ02ఇ48 అనే చిప్పులో 256 బైట్ల స్థలము కలదు. దానిలో పై సగమును కర్మాగారములోనే తాళము వేసి చివరి ఆరు బైట్లలో ఒక ప్రత్యేక చిరునామాను ఉంచుతారు. రెండు తీగల ఐ2సీ మార్గముపై దీనిని చదువుట సులభము. తక్కువ సంఖ్యలో బోర్డులు చేసేవారికి ఇంతకంటే మంచి పరిష్కారము లేదని చెప్పవచ్చును.

మూడవ చోటు ఫ్లాష్ మెమరీ. ఇళ్ళలోని రౌటర్లలో, ఫైబరు పెట్టెలలో ఎక్కువగా కనిపించేది ఇదే, చిక్కులు ఎక్కువగా తెచ్చేదీ ఇదే. సాఫ్ట్‌వేరు, అమరికలు, చిరునామా అన్నీ ఒకే చిప్పులో వేరువేరు భాగములుగా ఉంటాయి. మీడియాటెక్ చిప్పులు గల రౌటర్లలో ఫ్యాక్టరీ అనే భాగము, అథెరోస్ చిప్పులు గల వాటిలో ఏఆర్‌టీ అనే భాగము ఇందుకు వాడతారు. అదే భాగములో వైఫై రేడియోకు చెందిన సవరణ విలువలు కూడా ఉంటాయి. ఆ విలువలు ప్రతి బోర్డుకు విడిగా కొలిచి వ్రాసినవి. ఆ భాగము చెరిగిపోతే చిరునామాతో పాటు వైఫై నాణ్యత కూడా పోతుంది. చిరునామాను పెట్టె కింది చీటీ చూసి మరల వ్రాయవచ్చును, సవరణ విలువలను మాత్రము చీటీపై ముద్రించరు.

బోర్డులో వ్రాసే విధానము

లినక్సుతో నడిచే బోర్డులలో ఎక్కువ భాగము యు-బూట్ అనే ప్రారంభ కార్యక్రమముతో మొదలవుతాయి. యు-బూట్‌లో ఈథ్‌యాడర్ అనే చరరాశి మొదటి ఈథర్నెట్టు ద్వారము యొక్క చిరునామాను, ఈథ్1యాడర్ రెండవ దాని చిరునామాను కలిగి ఉంటాయి. సీరియల్ తీగ ద్వారా బోర్డుకు కలిసి, ప్రారంభమును మధ్యలో ఆపి, సెట్ఎన్వ్ ఆదేశముతో విలువను ఇచ్చి సేవ్ఎన్వ్ ఆదేశముతో భద్రపరచవలెను. రెండవ ఆదేశమును మరచినచో బోర్డు ఆరి వెలిగిన వెంటనే విలువ మాయమవుతుంది. ఒకసారి భద్రపరచిన ఈథ్‌యాడరును మార్చబోతే యు-బూట్ సామాన్యముగా ఒప్పుకోదు. ఇది లోపము కాదు, కావాలని పెట్టిన రక్షణ. మార్పును అనుమతించవలెనంటే యు-బూట్‌ను నిర్మించునప్పుడే ఆ ఎంపికను చేర్చవలెను.

తరువాత యు-బూట్ ఈ విలువను డివైస్ ట్రీ అనే వివరణ పట్టికలో చేర్చి లినక్సుకు అందిస్తుంది. లినక్సు ఆ పట్టికలో మొదట మ్యాక్-అడ్రస్, తరువాత లోకల్-మ్యాక్-అడ్రస్ అనే అంశములను వెదకుతుంది. అవి లేనిచో పట్టిక సూచించిన ఈఈప్రామ్ లేదా ఫ్యూజుల నుండి చదువుతుంది. ఎక్కడా దొరకనిచో అనేక డ్రైవర్లు యాదృచ్ఛికముగా ఒక స్థానిక చిరునామాను సృష్టించుకుంటాయి. బోర్డు పని చేస్తున్నట్లే కనిపిస్తుంది కనుక ఈ లోపము చాలా కాలము బయటపడదు.

బయటపెట్టుటకు ఒక సులభ మార్గము కలదు. లినక్సులో ప్రతి నెట్‌వర్కు ద్వారమునకు యాడర్_అసైన్_టైప్ అనే చిన్న ఫైలు ఉంటుంది. దానిలో 0 ఉంటే చిరునామా హార్డ్‌వేరు నుండి వచ్చిన శాశ్వతమైనది. 1 ఉంటే యాదృచ్ఛికము. 3 ఉంటే తరువాత ఎవరో మార్చినది. సరుకు పంపే ముందు ఈ ఒక్క అంకెను చూచుట తరువాత వచ్చే అనేక ఫిర్యాదులను తప్పిస్తుంది.

ఐపీ లింక్ ఆదేశముతో నడుస్తున్న లినక్సులోనే చిరునామాను మార్చవచ్చును. సిస్టమ్‌డీ వారి లింక్ ఫైలులో వ్రాసి ప్రతి ప్రారంభములోను అదే వచ్చునట్లు చేయవచ్చును. అయితే ఇవి శాశ్వత పద్ధతులు కావు. సాఫ్ట్‌వేరును కొత్తగా ఎక్కించిన నాడు ఆ ఫైలు కూడా పోతుంది. పైగా ఒక మెమరీ కార్డు ప్రతిని వంద బోర్డులకు నకలు చేసినప్పుడు వంద బోర్డులకూ ఒకే చిరునామా వస్తుంది.

గోదావరి డెల్టాలో

సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామము జీడిపప్పు పరిశ్రమకు పేరుపొందినది. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఈ గ్రామము 2022 ఏప్రిల్ 4 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉన్నది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణములో బోధించే సాల్మన్ డార్విన్ స్వగ్రామము ఇదే. ఆయన చొరవతో స్మార్ట్ గ్రామ పథకమునకు ఎంపికైన మోరిలో 2016 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు ఫైబరు అనుసంధానమును ప్రారంభించినారు. రాష్ట్రవ్యాప్త పథకమును 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినారు. దీనిని నడిపే ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ 2015లో ఏర్పడినది. భూమిని త్రవ్వకుండా ఎక్కువ భాగము విద్యుత్ స్తంభములపైనే తీగను లాగుట ఈ పథకపు ప్రత్యేకత. మొదట్లో నెలకు 149 రూపాయల కనీస ధరకు మూడు సేవలూ ఇచ్చినారు.

ఇటువంటి ఫైబరు సేవలలో వాడే జీపాన్ పద్ధతిలో కేంద్రము నుండి వచ్చే ఒక తీగను కాంతిని విభజించే చిన్న పరికరముతో 32 లేదా 64 ఇళ్ళకు పంచుతారు. కేంద్రములోని యంత్రము ఇంటి పెట్టెను మొదట దాని జీపాన్ క్రమసంఖ్యతో గుర్తిస్తుంది. ఈ క్రమసంఖ్యలో తయారీదారును తెలిపే నాలుగు అక్షరములు, ఆపై ఎనిమిది షోడశాంశ అంకెలు ఉంటాయి. ఆ తరువాత ఐపీ చిరునామా ఇచ్చునప్పుడు, టెలివిజను పెట్టెను గుర్తించునప్పుడు మ్యాక్ చిరునామా పనికి వస్తుంది. కనుక ఒక ఇంటికి రెండు గుర్తులు అవసరము. రెండూ సాధారణముగా ఆ పెట్టెలోని ఫ్లాష్ మెమరీలోనే ఉంటాయి.

తుఫానులు, పిడుగులు, వోల్టేజి హెచ్చుతగ్గులు గల తీర ప్రాంతములో పెట్టెలు కాలిపోవుట సహజము. ఫైబరు తీగ గాజుతో చేసినది కనుక విద్యుత్తును లోపలికి తేదు. కరెంటు తీగ, టెలివిజను పెట్టెకు వెళ్ళే రాగి తీగ మాత్రము తెస్తాయి. పెట్టెను మార్చినచో కొత్త క్రమసంఖ్యను, కొత్త చిరునామాను సేవాదారు పట్టికలో నమోదు చేసేవరకు ఆ ఇంటికి ఇంటర్నెట్టు, టెలివిజను, ఫోను మూడూ ఉండవు. ఇదివరలో ఫోను పోతే టెలివిజను ఉండేది.

నకలు చిరునామాలు

పాడైన పెట్టెను బాగుచేయుటకు మరమ్మతు దుకాణములలో తరచుగా వాడే పద్ధతి ఒకటి కలదు. బాగున్న పెట్టెలోని ఫ్లాష్ చిప్పును సీహెచ్341ఏ వంటి చవక ప్రోగ్రామరుతో పూర్తిగా చదివి, ఆ నకలును పాడైన పెట్టెలోని చిప్పుపై వ్రాస్తారు. పెట్టె బ్రతుకుతుంది. దానితో పాటు మొదటి పెట్టె చిరునామా, క్రమసంఖ్య కూడా రెండవ దానికి వస్తాయి. వేరువేరు ఊళ్ళలో ఉన్నంతవరకు ఎవరికీ తెలియదు. రెండూ ఒకే కేంద్రము కిందికి వచ్చిన రోజున చిక్కు మొదలవుతుంది. క్రమసంఖ్య కలిసినచో రెండవ పెట్టె నమోదు కాదు. మ్యాక్ చిరునామా మాత్రమే కలిసినచో అంతకంటే చెడ్డ ఫలితము వస్తుంది. స్విచ్చు తన పట్టికలో ఆ చిరునామాను ఒకసారి ఒక ద్వారము వద్ద, మరొకసారి వేరొక ద్వారము వద్ద ఉన్నట్లు వ్రాసుకుంటుంది. ఒకరికి రావలసిన సమాచారము మరొకరి వైపు వెళుతుంది. ఇద్దరికీ సేవ వచ్చి పోతూ ఉంటుంది. తీగ మార్చినా, పెట్టెను ఆపి వెలిగించినా కొంతసేపు బాగుండి మరల మొదటికే వస్తుంది కనుక లోపమును పట్టుకొనుట కష్టము.

నకలు తీయుటలో తప్పు లేదు. వ్రాసే ముందు పాడైన పెట్టెలోని ఫ్యాక్టరీ భాగమును విడిగా దాచి, మిగిలిన భాగములను మాత్రమే నకలు నుండి తీసుకొని, చివరకు దాచినదానిని తిరిగి చేర్చవలెను. ఆ భాగము కూడా పాడైనచో పెట్టె కింది చీటీపై ముద్రించిన చిరునామాను, క్రమసంఖ్యను వ్రాయవలెను. ఉప్పుగాలికి, చెమ్మకు చీటీలు చెరిగిపోతాయి కనుక పెట్టెను బిగించిన రోజుననే చీటీకి ఫోటో తీసుకొనుట మంచిది.

చెరువు గట్టుపై

భీమవరము, అమలాపురము పరిసరములలోని రొయ్యల చెరువులలో రాత్రిపూట నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది. తెల్లవారుజామున అది అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగితే కొద్ది గంటలలోనే పంట పోవచ్చును. ఏరేటరు ఆగినప్పుడు ఫోనుకు కబురు పంపే చిన్న కంట్రోలర్లను ఈఎస్‌పీ32 వంటి బోర్డులతో తయారుచేయవచ్చును. ఇటువంటి పరికరములలో అనేకము మ్యాక్ చిరునామానే చెరువు గుర్తుగా వాడతాయి.

ఇక్కడ రెండు విధముల ప్రమాదము కలదు. రెండు బోర్డులకు ఒకే చిరునామా ఉంటే ఒక చెరువు ఏరేటరు నడుస్తున్నదనే కబురు, రెండవ చెరువులో ఆగిన సంగతిని కప్పివేయవచ్చును. చిరునామా ప్రతి ప్రారంభములోను యాదృచ్ఛికముగా మారే బోర్డు అయితే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి కొత్త పరికరమువలె కనిపిస్తుంది. 254 ఐపీ చిరునామాలు గల చిన్న నెట్‌వర్కులో, ఒక రోజు గడువుతో చిరునామాలు ఇచ్చే రౌటరు కింద 20 బోర్డులు ఉన్నవనుకొందాము. రోజుకు 13 సార్లు కరెంటు పోయి వస్తే 260 చిరునామాలు కావలసి వస్తాయి. చివరి కోత తరువాత వెలిగిన బోర్డులలో కొన్నిటికి చోటు ఉండదు. రౌటరు మాత్రము ఏ తప్పూ చూపదు.

కర్మాగారపు చిరునామా గల ఈఎస్‌పీ32 బోర్డులలో దానిని మార్చకుండా వాడుటయే సరియైన పని. స్వంత చిప్పు, విడి ఈథర్నెట్టు భాగము గల బోర్డులను తయారుచేసేవారు ఒక్కొక్కటి 12 ఏళ్ళో 15 ఏళ్ళో గట్టు మీద ఉంటుందని లెక్కవేసుకొని ఈఈప్రామ్‌ను చేర్చుకొనవలెను. కొద్ది సంఖ్యలో స్వంత వాడుకకు మాత్రమే చేసుకొనేవారు 02 తో మొదలయ్యే స్థానిక చిరునామాలను ఒక పుస్తకములో వరుసగా వ్రాసుకొని, బోర్డుకు ఒకటి చొప్పున ఇచ్చుకొనవచ్చును. ఆ పుస్తకము ఒకరి వద్దనే ఉండవలెను.

ఫోన్లలో మారే చిరునామాలు

ఇందుకు విరుద్ధముగా ఫోన్లు కావాలనే చిరునామాను మారుస్తాయి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుండి ఫోను ఒక్కొక్క వైఫై నెట్‌వర్కుకు ఒక్కొక్క స్థానిక చిరునామాను చూపుట అలవాటైనది. మనిషి ఏ ఊరిలో ఏ సమయములో ఉన్నాడో ఇతరులు కనిపెట్టకుండా ఉండుటకే ఈ ఏర్పాటు. మ్యాక్ చిరునామాతో అనుమతి ఇచ్చే కళాశాల, కార్యాలయ నెట్‌వర్కులలో దీనివలన ఫోన్లు నిరాకరించబడుతుంటాయి. అటువంటి చోట ఆ ఒక్క నెట్‌వర్కుకు ఫోను అమరికలలో ఈ సదుపాయమును ఆపవచ్చును. ఇంటి గోడకు బిగించిన పెట్టెకు, గట్టు మీది కంట్రోలరుకు ఇటువంటి అవసరము లేదు.